కంచమూ పడకా



నిన్న రాత్రి ఏం తిన్నారని అడిగితే మీరు తడుముకోకుండా చెబుతారు. ఎన్నింటికి తిన్నారని అడిగితే కాస్త ఆలోచిస్తారు. తిన్నాక ఎంతసేపటికి పడుకున్నారు, పొద్దున ఎన్నింటికి లేచారు అని కూడా అడిగితే, "దానికీ షుగరుకీ సంబంధం ఏమిటి డాక్టరుగారూ?" అంటారు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది అనే మాట ఇదే. ఈ పూట ఆ సంబంధం గురించే మాట్లాడదామని వచ్చాను.

మన ఇళ్లలో తిండి మాట వస్తే రెండు పక్షాలు తయారవుతాయి. అన్నం మానేస్తే అన్నీ బాగుపడతాయని ఒకరంటారు. నూనె, నెయ్యి మానేస్తే చాలని ఇంకొకరంటారు. పిండిపదార్థాలా, కొవ్వులా అని పండితులు కూడా అరవై డెబ్బై ఏళ్లుగా వాదించుకుంటూనే ఉన్నారు. ఈ వాదంలో నిద్రను ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. నాకు అర్థమైనంతలో, మన తెలుగు ఇళ్లలో అన్నం, నూనె, నిద్ర ఈ మూడూ ఒక్కచోట ముడిపడి ఉన్నాయి. ఆ ముడి రాత్రి భోజనం దగ్గర ఉంది. అక్కడికి వెళ్లే ముందు కొన్ని సంగతులు చెప్పుకోవాలి.

తిన్న తిండిలో ఎంత ఇప్పుడు వాడుకోవాలి, ఎంత దాచుకోవాలి, దాచింది ఎప్పుడు బయటికి తీయాలి, ఇదంతా శరీరం రోజూ చేసే లెక్క. ఈ లెక్క సరిగ్గా నడవడాన్నే జీవక్రియ ఆరోగ్యం అంటాం. అది ఎలా ఉందో తెలుసుకోవడానికి అయిదు కొలతలు చాలు. కాగితం, కలం దగ్గరుంటే రాసుకోండి. ఒకటి, నడుం చుట్టుకొలత. మన దేశపు మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, అంటే సుమారు 35.5 అంగుళాలు, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, అంటే 31.5 అంగుళాలు దాటకూడదు. ప్యాంటు సైజు చూసి చెప్పకండి. టేపు పెట్టి బొడ్డు ఎత్తులో కొలవండి. రెండోది బీపీ, 130, 85 లోపు. మూడోది పరగడుపు షుగర్, 100 లోపు. నాలుగోది ట్రైగ్లిజరైడ్లు, 150 లోపు. అయిదోది మంచి కొలెస్టరాల్ అని మనం పిలిచే హెచ్‌డీఎల్. ఇది మగవాళ్లకు 40కి, ఆడవాళ్లకు 50కి తగ్గకూడదు. ఈ అయిదింటిలో మూడు గీత దాటాయంటే లెక్క తప్పుతోందని అర్థం.

ఈ అయిదింటిలో నడుం కొలత మినహా మిగతావి వేరువేరు జబ్బులు కావని, తరచూ ఒకే మనిషిలో గుంపుగా కనిపిస్తాయని 1988లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన జెరాల్డ్ రీవెన్ గట్టిగా చెప్పారు. వీటన్నిటి వెనకా ఉన్నది ఇన్సులిన్ మాట శరీరం వినకపోవడమేనని ఆయన వాదన. భోజనం చేయగానే క్లోమం ఇన్సులిన్‌ని వదులుతుంది. రక్తంలో చేరిన చక్కెరను లోపలికి తీసుకొమ్మని అది కండరాలకు చెబుతుంది. కొత్త చక్కెర తయారుచేయడం ఆపమని కాలేయానికి చెబుతుంది. కొవ్వును బయటికి వదలొద్దని కొవ్వు కణాలకు చెబుతుంది. వినాల్సినవాళ్లు వినడం తగ్గించినప్పుడు క్లోమం ఇంకాస్త ఎక్కువ ఇన్సులిన్‌ని పంపిస్తుంది. అలా కొన్నేళ్లు గడుస్తాయి. ఆ కొన్నేళ్లూ షుగర్ రిపోర్టు బాగానే ఉంటుంది. "నాకు షుగర్ లేదండీ" అని సంతోషంగా చెబుతారు. కానీ అప్పటికే నడుం పెరిగి ఉంటుంది, ట్రైగ్లిజరైడ్లు పెరిగి ఉంటాయి, స్కానింగులో ఫ్యాటీ లివర్ అని రాసి ఉంటుంది. ఆ దశలో పట్టుకుంటే చేయగలిగింది చాలా ఉంది. అందుకే నాకు పరగడుపు షుగర్ కన్నా ముందు నడుం టేపు మీద నమ్మకం.

"నేను సన్నగానే ఉంటాను కదా" అనుకునేవాళ్లు ఈ మాట వినండి. పుణేలోని కేఈఎం ఆసుపత్రి వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ స్నేహితులు. ఇద్దరి ఎత్తూ బరువూ చూసి లెక్క కడితే వచ్చే బీఎంఐ ఒకటే, 22.3. శరీరంలో కొవ్వు ఎంతుందో యంత్రం మీద చూస్తే యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం. 2004లో ఇద్దరూ తమ ఫోటోతో సహా ఈ సంగతిని లాన్సెట్ పత్రికలో అచ్చువేయించారు. చూడ్డానికి సన్నం, లోపల కొవ్వు, కండ తక్కువ. మనలో చాలామంది ఇలాగే ఉంటాం.

కొవ్వు ఉండటమే తప్పు కాదు. ఎక్కడ చేరిందన్నదే అసలు ప్రశ్న. చర్మం కింది కొవ్వు పల్లెటూరి ఇంట్లో గాదె లాంటిది. గాదె పెద్దదైతే ధాన్యం అందులో భద్రంగా ఉంటుంది. మన గాదెలు చిన్నవి. అది నిండాక వచ్చే ధాన్యాన్ని వసారాలో, వంటింట్లో, పడకగదిలో పోస్తే ఇల్లు ఎలా ఉంటుంది? ఆ విధంగానే మిగిలిన కొవ్వు పేగుల చుట్టూ, కాలేయంలో, క్లోమంలో చేరుతుంది. అక్కడ చేరిన కొవ్వే ఇన్సులిన్ పనికి అడ్డం పడుతుంది. ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో రాయ్ టేలర్ అనే వైద్యుడు చాలా ఏళ్లు ఇదే విషయం మీద పనిచేశారు. 2017లో వెలువడిన ఒక పరిశోధనలో, తిండి బాగా తగ్గించి బరువు తగ్గించుకున్న మధుమేహుల్లో 46 శాతం మందికి ఏడాది తర్వాత మందులు లేకుండానే షుగర్ అదుపులో ఉంది. వాళ్లంతా జబ్బు వచ్చి ఆరేళ్లు దాటనివాళ్లు. కాలేయం నుంచి, క్లోమం నుంచి కొవ్వు దిగిపోతే క్లోమం మళ్లీ పనిలోకి వస్తుందన్నమాట. ఈ వార్త చెప్పినప్పుడు మా పేషెంట్ల కళ్లలో కనిపించే ధైర్యం నాకు చాలా ఇష్టం.

ఇక అన్నం సంగతి.

మన తాతముత్తాతలు అందరూ మూడు పూటలా వరి అన్నమే తినలేదు. తెలంగాణలో జొన్న రొట్టె, గటక, రాయలసీమలో రాగి సంకటి, కొర్రన్నం, సజ్జ రొట్టె. మెట్ట ఊళ్లలో చాలామందికి వరి అన్నం పండగనాటి తిండి. సాగర్ కాలువల కింద వరి పెరిగింది. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో 2 రూపాయల బియ్యం పథకం తెచ్చింది. ఆ పథకాన్ని నేను తప్పుపట్టను. పస్తులున్న ఇళ్లలో అది పొయ్యి వెలిగించింది. ఆకలి తీరడం చిన్న విషయం కాదు. ఆకలి తీరాక కంచంలోకి పప్పు, కూర, గుడ్డు, పెరుగు కూడా అంతే ధారాళంగా వచ్చి ఉండాల్సింది. అవి అంతగా రాలేదు. పొలం పని తగ్గింది, కంచంలో అన్నం మాత్రం అలాగే ఉండిపోయింది.

హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ మీ అందరికీ తెలిసిందే. అది 1918లో కూనూరులో బెరిబెరి జబ్బు మీద పరిశోధన కోసం ఒక చిన్న విభాగంగా పుట్టింది. 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. బియ్యాన్ని మరీ తెల్లగా మరపట్టించడం వల్ల పైపొరలోని బి1 విటమిన్ పోయి వచ్చే జబ్బు బెరిబెరి. తెల్ల బియ్యం తెచ్చిన జబ్బు కోసం పుట్టిన ఆ సంస్థే వందేళ్ల తర్వాత, 2024లో విడుదల చేసిన ఆహార నియమాల్లో, మనం రోజూ తినే తిండి శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం మించొద్దని చెప్పింది. మనం ఎంత తింటున్నామో భారత వైద్య పరిశోధన మండలి దేశమంతా తిరిగి చేసిన ఇండియాబ్ సర్వే చెబుతోంది. మన తిండి శక్తిలో సుమారు 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోంది. అదే సర్వే లెక్కన దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉంది. ఇంకో 13 కోట్ల మందికి పైగా దాని గుమ్మంలో ఉన్నారు.

ఇక్కడ ఒక మాట నొక్కి చెప్పాలి. ఈమధ్య చాలా ఇళ్లలో తెల్లన్నం మానేసి కొర్రలు, అరికెలు, జొన్న పిండి, గోధుమ పిండి వాడుతున్నారు. మంచిదే. పీచు దొరుకుతుంది, ఖనిజాలు దొరుకుతాయి. అయితే ఇండియాబ్ వాళ్లు 2025లో ప్రచురించిన విశ్లేషణలో ఏం కనిపించిందంటే, పిండిపదార్థాల మొత్తం తగ్గకుండా తెల్ల బియ్యం స్థానంలో గోధుమ పిండో చిరుధాన్యాల పిండో పెట్టినంత మాత్రాన మధుమేహం ముప్పు తగ్గలేదు. పిండిపదార్థాల్లో 5 శాతం శక్తిని తీసేసి ఆ స్థానంలో పప్పుల నుంచో పాల నుంచో మాంసకృత్తులు తెచ్చుకుంటే ముప్పు తగ్గింది. అంటే రెండు జొన్న రొట్టెలు తినాల్సిన చోట అయిదు తింటే జొన్న మనల్ని కాపాడదు. ఒక గరిటెడు అన్నం తగ్గించి, ఒక గరిటెడు ముద్దపప్పు పెంచుకోవడం, సాయంత్రం బిస్కట్ల బదులు ఉడికించిన శనగలు తినడం, ఒక గుడ్డు చేర్చుకోవడం, గట్టి పెరుగు వేసుకోవడం, ఇవి పనిచేస్తాయి.

బియ్యం రకంలోనూ తేడా ఉంది. మనమంతా ఇష్టపడే సాంబ మసూరి బాపట్లలో పుట్టింది, బీపీటీ 5204. దాన్నే హైదరాబాద్‌లోని సీసీఎంబీ, భారత వరి పరిశోధన సంస్థ కలిసి ఎండాకు తెగులును తట్టుకునేలా మెరుగుపరిచాయి. ఆ కొత్త రకం అన్నం తిన్నాక రక్తంలో చక్కెర కాస్త నెమ్మదిగా పెరుగుతుందని తేలింది. దాని గ్లైసీమిక్ సూచిక సుమారు 51. మామూలు తెల్లన్నానిది చాలాసార్లు 70 దాటుతుంది. దొరికితే వాడండి. కానీ సూచిక తక్కువ కదా అని రెండింతలు వడ్డించుకుంటే లాభం ఉండదు.

నూనెల దగ్గరికి వద్దాం. ముందు ఒక రిపోర్టు సంగతి. ట్రైగ్లిజరైడ్లు 280 అని వచ్చిందనుకోండి. ఇంటికి వెళ్లగానే నెయ్యి డబ్బా అటక ఎక్కిస్తారు. అన్నం మాత్రం తగ్గించరు, టీలో చక్కెర తగ్గించరు. కొవ్వు అన్న పేరు చూసి అది తిన్న కొవ్వే అనుకుంటారు. రక్తంలో కనిపించే ఆ ట్రైగ్లిజరైడ్లను చాలావరకు కాలేయం తయారుచేసి పంపుతోంది. అవసరానికి మించి వచ్చిన అన్నం, చక్కెర, మద్యం కాలేయంలో కొవ్వుగా మారతాయి. కాబట్టి ట్రైగ్లిజరైడ్లు పెరిగితే ముందు అన్నం కంచం వైపు, తీపి వైపు, మందు గ్లాసు వైపు, నడుం వైపు చూడాలి. చెడు కొలెస్టరాల్ అనే ఎల్‌డీఎల్ పెరిగితే నెయ్యి, వెన్న, పామాయిల్, డాల్డా, వేటమాంసం కొవ్వు వైపు చూడాలి. ఈ రెండిటినీ కలగాపులగం చేయడం వల్లే చాలామంది మానాల్సింది మానకుండా, మానక్కర్లేనిది మానేస్తున్నారు.

డాల్డా గురించి ఒక్క మాట. వనస్పతి తయారీలో పుట్టే ట్రాన్స్ కొవ్వు గుండెకు తిన్నగా హాని చేస్తుంది. ఎల్‌డీఎల్‌ను పెంచుతుంది, హెచ్‌డీఎల్‌ను తగ్గిస్తుంది. అందుకే మన దేశంలో 2022 జనవరి నుంచి నూనెల్లో, కొవ్వుల్లో అది 2 శాతం దాటకూడదని నిబంధన పెట్టారు. కానీ పునుగులు, మిరపకాయ బజ్జీలు వేసిన మూకుట్లో అదే నూనె పొద్దున్నుంచి రాత్రి దాకా మరుగుతుంటే ఏ నిబంధనా మనల్ని కాపాడలేదు. మంచి వాసన పోయి, నల్లబడి, చిక్కబడిన నూనెలో వేగింది ఇంట్లోదైనా బయటిదైనా తినకండి.

ఏ నూనె మంచిదని అడుగుతారు. వేరుశనగ, నువ్వులు, తవుడు నూనెలు మార్చి మార్చి వాడుకోండి. ఆవాల నూనె అలవాటున్నవాళ్లు అదీ కలుపుకోవచ్చు. అంతకన్నా ముఖ్యం ఎంత వాడుతున్నామన్నది. పోషకాహార సంస్థ చెప్పిన లెక్క 2,000 క్యాలరీలు తినే మనిషికి రోజుకు సుమారు 27 గ్రాములు. నలుగురున్న ఇంట్లో నెలకు కడితే మూడున్నర లీటర్లు. మీ ఇంట్లో నెలకు ఎన్ని ప్యాకెట్లు అవుతున్నాయో ఈ పూటే లెక్కపెట్టండి. నెయ్యి కూడా అందులో భాగమే. పప్పన్నంలో ఒక చెంచా నెయ్యి వేసుకోవద్దని నేను ఎవరికీ చెప్పను. ఆ చెంచా లెక్కలో ఉండాలి, అంతే.

కొన్నేళ్ల కిందట అన్నం పూర్తిగా మానేసి, కొబ్బరి నూనె, మీగడ, నెయ్యి మీద ఆధారపడే పద్ధతి మన రెండు రాష్ట్రాల్లో ఊరూరా పాకింది. కొందరికి బరువు తగ్గింది, షుగర్ తగ్గింది. అది అబద్ధం కాదు. స్టాన్‌ఫర్డ్‌లో క్రిస్టఫర్ గార్డ్‌నర్ బృందం 609 మందితో ఏడాదిపాటు చేసి 2018లో ప్రచురించిన పరిశోధన గురించి కూడా తెలుసుకోండి. సగం మంది కొవ్వు తగ్గించారు, సగం మంది పిండి తగ్గించారు. రెండు వర్గాలకూ ఒకటే షరతు: చక్కెర, మైదా మానాలి, కూరగాయలు బాగా తినాలి, వీలైనంత ఇంట్లో వండుకోవాలి. ఏడాది తర్వాత కొవ్వు తగ్గించినవాళ్లు సగటున 5.3 కిలోలు, పిండి తగ్గించినవాళ్లు 6 కిలోలు తగ్గారు. చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదు. రెండు దారులూ పనిచేస్తాయి. మీరు పదేళ్లపాటు నడవగలిగే దారే మీ దారి. పుట్టినప్పటి నుంచి అన్నం తిన్న మనిషి అన్నం మొత్తం మానేసి ఎన్నాళ్లు ఉండగలడు? కంచంలో సగం కూరలు, పావు పప్పో చేపో గుడ్డో, పావు అన్నం. ఈ దారిలో చివరిదాకా నడిచినవాళ్లనే నేను ఎక్కువగా చూశాను.

ఇప్పుడు నిద్ర.

1999లో షికాగో విశ్వవిద్యాలయంలో కరీన్ స్పీగెల్, ఈవ్ వాన్ కాటర్ ఒక చిన్న ప్రయోగం చేశారు. ఆరోగ్యంగా ఉన్న 11 మంది కుర్రవాళ్లను వరసగా ఆరు రాత్రులు 4 గంటలే పడుకోనిచ్చారు. ఆరు రాత్రుల తర్వాత రక్తంలోకి ఎక్కించిన చక్కెరను వాళ్ల శరీరం తీసేసే వేగం, కంటినిండా నిద్రపోయిన రోజులతో పోలిస్తే, సుమారు 40 శాతం మందగించింది. తిండిలో దోషం లేదు, వయసు మీరలేదు, బరువు పెరగలేదు. నిద్ర ఒక్కటే తగ్గింది. వారం తిరక్కుండానే ఆ కుర్రవాళ్ల ఒళ్లు షుగర్ మొదలయ్యే మనిషి ఒళ్లులా ప్రవర్తించింది.

అయిదేళ్ల తర్వాత అదే బృందం ఆకలి సంగతి చూసింది. రెండు రాత్రులు నిద్ర తగ్గించగానే కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ 18 శాతం తగ్గింది, ఆకలి పుట్టించే గ్రెలిన్ 28 శాతం పెరిగింది. వాళ్లకు ఏం తినాలనిపించిందో తెలుసా? తీపి, ఉప్పుగా ఉండే చిరుతిళ్లు, అన్నం రొట్టెల్లాంటి పిండి వంటకాలు. పరీక్షలకు రాత్రంతా చదివే పిల్లలు డబ్బాలోని మిక్చర్ ఖాళీ చేసేది తిండిపోతులై కాదు. నిద్ర లేని ఒళ్లు తిండి అడుగుతుంది.

నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది 2010లో వచ్చిన పరిశోధన. బరువు తగ్గడానికి తిండి తగ్గించుకున్న పది మందిని రెండు వారాలు రాత్రికి ఎనిమిదిన్నర గంటలు, ఇంకో రెండు వారాలు అయిదున్నర గంటలు పడుకోబెట్టారు. తిండి రెండుసార్లూ ఒకటే. బరువు రెండుసార్లూ దాదాపు ఒకేలా తగ్గింది, సుమారు మూడు కిలోలు. కానీ బాగా నిద్రపోయినప్పుడు అందులో 1.4 కిలోలు కొవ్వు. నిద్ర తక్కువైనప్పుడు కొవ్వు 0.6 కిలోలే, మిగతాదంతా కండ లాంటి పనికొచ్చే భాగం. కండ అసలే తక్కువున్న మనకు ఇది ఎంత నష్టమో ఆలోచించండి. పొద్దున నాలుగింటికే లేచి నడకకు వెళ్లి, రాత్రి పన్నెండింటికి పడుకుని, అన్నం మానేసి బరువు తగ్గామని సంతోషపడేవాళ్లను చూస్తే నాకు బాధ కలుగుతుంది. వాళ్ల కష్టం నిజమైనది. ఆ కష్టానికి దక్కాల్సిన ఫలితంలో సగం పడక దగ్గరే పోతోంది.

దీనికి రెండో వైపు కూడా చూశారు. 2022లో ఎస్రా తసాలి బృందం, రాత్రికి ఆరున్నర గంటల కన్నా తక్కువ నిద్రపోయే అలవాటున్న 80 మందిని తీసుకుంది. తిండి గురించి వాళ్లకు ఏమీ చెప్పలేదు. సగం మందికి త్వరగా పడుకోవడం ఎలాగో మాత్రం నేర్పించారు. వాళ్లకు సగటున గంటా పది నిమిషాలు నిద్ర పెరిగింది. నిద్ర పెరగనివాళ్లతో పోలిస్తే రోజుకు సుమారు 270 క్యాలరీలు తక్కువ తిన్నారు. అది దాదాపు 200 గ్రాముల అన్నం. ఎవరూ వాళ్ల కంచంలోంచి తీసేయలేదు. వాళ్లకే అక్కర్లేకపోయింది.

గంటలే కాదు, నిద్ర లోతు కూడా లెక్కలోకి వస్తుంది. షికాగోలోనే ఇంకోసారి, నిద్రపోతున్నవాళ్లను పూర్తిగా లేపకుండా, గాఢ నిద్రలోకి జారబోతున్నప్పుడల్లా చిన్న చప్పుడు చేశారు. మొత్తం నిద్ర గంటలు తగ్గలేదు. మూడు రాత్రులకే ఇన్సులిన్ పనితనం సుమారు 25 శాతం తగ్గింది. తలగడ పక్కన రాత్రంతా టింగుమనే ఫోన్ చేసే పని కూడా ఇలాంటిదే. వీధిలో అర్ధరాత్రి దాటినా ఆగని మైకు కూడా అంతే. పక్కింటి పెళ్లి సందడిలో మన పెద్దవాళ్ల షుగర్ కూడా ఉందని కాస్త గుర్తుపెట్టుకుందాం.

ఇప్పుడు మొదట్లో చెప్పిన ముడి దగ్గరికి వచ్చాం. చీకటి పడ్డాక మెదడులోంచి మెలటోనిన్ ఊరుతుంది. ఒంటికి రాత్రయిందని చెప్పే హార్మోన్ అది. అది ఎక్కువగా ఉన్న వేళ క్లోమం ఇన్సులిన్‌ని తగ్గించి వదులుతుంది. రాత్రి తిండి ఉండదన్న నమ్మకంతో చేసుకున్న ఏర్పాటు అది. స్పెయిన్‌లోని ముర్సియాలో మార్తా గరౌలేత్ బృందం 845 మందికి గ్లూకోజు నీళ్లు తాగించి చూసింది. పడుకునే వేళకు నాలుగు గంటల ముందు ఒకసారి, ఒక్క గంట ముందు ఇంకోసారి. ఆలస్యంగా తాగినప్పుడు ఇన్సులిన్ తక్కువగా వచ్చింది, చక్కెర ఎక్కువగా పెరిగింది. ఒక రకం జన్యువు ఉన్నవాళ్లలో ఆ తేడా మరీ ఎక్కువ. మధ్యాహ్నం ఒంటిగంటకు తిన్న అన్నం, రాత్రి పదింటికి తిన్న అన్నం బియ్యం గింజలో ఒకటే గానీ రక్తంలో ఒకటి కావు.

మన ఇళ్లలో రాత్రి భోజనం ఎలా జరుగుతోంది? కొట్టు కట్టేసి ఇంటికి వచ్చేసరికి తొమ్మిదిన్నర. ఆఫీసు నుంచి వచ్చేసరికి తొమ్మిది. సీరియళ్లు అయ్యాక కంచాలు పెడతారు. పగలంతా హడావుడిగా తిన్నాం కదా అని రాత్రికి పెద్ద భోజనం. పప్పుతో ఒకసారి, కూరతో ఒకసారి, చారుతో, చివర పెరుగుతో. అయిదు నిమిషాల్లో ఫోన్ పట్టుకుని మంచం మీదికి. పిండిపదార్థం ఎక్కువ, వేళ చెడ్డది, నడక లేదు, నిద్ర ఆలస్యం. నాలుగూ ఒకే గంటలో.

ఈ గంటను అందరికన్నా ఎక్కువగా మోస్తున్నది ఇంటి ఇల్లాలు. అందరికీ వడ్డించి, గిన్నెలు సర్ది, పదింటికో పదిన్నరకో ఆమె కూర్చుంటుంది. అప్పటికి కూర అయిపోయి ఉంటుంది. మిగిలింది అన్నం, చారు, పచ్చడి. గిన్నెలో ఇంకాస్త మిగిలితే పారేయడం ఇష్టం లేక అదీ తానే తింటుంది. పడుకునేసరికి పదకొండున్నర, పన్నెండు. పొద్దున అయిదింటికి లేవాలి, పిల్లల బాక్సులు కట్టాలి. నలభై దాటిన ఆడవాళ్లు నడుం పెరిగి, షుగర్ వచ్చి నా ఎదుట కూర్చున్నప్పుడు, వాళ్ల పక్కనున్న భర్తలు "ఏమీ తినదండీ, అయినా లావైపోతోంది" అంటారు. అయ్యా, ఆమె తినే తిండిని, వేళను, నిద్రను కలిపి చూడండి. ఆమెకు ఆహార నియమాల కాగితం ఇచ్చి పంపడం వల్ల ప్రయోజనం లేదు. రాత్రి భోజనం ఇంటిల్లిపాదీ ఎనిమిదింటికల్లా కలిసి కూర్చుని చేయండి. వడ్డన ఎవరిది వాళ్లు చేసుకోండి. గిన్నెలు ఇంకొకరు కడగండి. అలాంటి ఇంట్లో షుగరుకు నేను రాయగలిగిన మంచి మందు ఇదే.

ఎనిమిదింటికి కుదరదనేవాళ్లు సాయంత్రం ఆరు, ఏడు మధ్య కడుపునిండే తిండి కొంత తినండి. ఉడికించిన శనగలో, పెసరట్టో, గుడ్లో. ఇంటికి వచ్చాక కూర, మజ్జిగతో సరిపెట్టుకోవచ్చు. తినే వరస కూడా మార్చి చూడండి. న్యూయార్క్‌లోని వైల్ కార్నెల్ వైద్య కళాశాలలో 11 మంది మధుమేహులకు అదే భోజనాన్ని రెండు రకాలుగా పెట్టారు. కూరగాయలు, మాంసకృత్తులు ముందు తిని పిండిపదార్థం తర్వాత తిన్నప్పుడు, గంట తర్వాత చూసిన షుగర్ 37 శాతం తక్కువగా ఉంది. మన విస్తరిలో మొదటి ముద్దే పప్పన్నం. ముందు ఒక గిన్నె కూర, కాస్త పప్పు విడిగా తిని, ఆ తర్వాత అన్నం కలుపుకోండి. తిన్నాక ఒక పదిహేను నిమిషాలు వీధిలో నడవండి. కదులుతున్న కండరం ఇన్సులిన్ సాయం అంతగా అడక్కుండానే చక్కెరను లాక్కుంటుంది.

ఇక రాత్రి డ్యూటీల వాళ్లు. ఉక్కు కర్మాగారాల్లో, ఆసుపత్రుల్లో, బస్సుల్లో, హైదరాబాద్‌లో అమెరికా వేళలకు పనిచేసే ఆఫీసుల్లో లక్షలమంది ఉన్నారు. అమెరికాలో ఉన్న అన్నయ్య పగలు పనిచేయడానికి ఇక్కడ తమ్ముడు రాత్రంతా మేలుకుంటున్నాడు. వాళ్లకు త్వరగా పడుకోండని చెప్పడం అన్యాయం. వాళ్లకు నేను చెప్పేది వేరు. డ్యూటీకి వెళ్లే ముందే సాయంత్రం పెద్ద భోజనం చేయండి. అర్ధరాత్రి నుంచి తెల్లవారేదాకా బిర్యానీ, నూడుల్స్, తియ్యటి టీలు వద్దు. ఆకలేస్తే గుడ్డు, వేరుశనగలు, మజ్జిగ, ఒక పండు. ఇంటికి వచ్చాక గది చీకటి చేసుకుని పడుకోండి. ఇంట్లోవాళ్లు ఆ ఏడు గంటలూ మిక్సీ, టీవీ ఆపండి, తలుపు కొట్టకండి. పగటి నిద్రను బద్ధకం కింద చూసే అలవాటు మనం మానుకోవాలి.

గురకను కూడా తేలిగ్గా తీసుకోకండి. గట్టిగా గురక పెడుతూ, మధ్యలో ఊపిరి ఆగినట్టయి, ఉలిక్కిపడి మళ్లీ పీల్చే మనిషి ఎనిమిది గంటలు మంచం మీద ఉన్నా నిద్రపోయినట్టు కాదు. ఒంట్లో ఆక్సిజన్ పడిపోయినప్పుడల్లా ఆపదలో ఊరే హార్మోన్లు ఊరతాయి. బీపీ, షుగర్ రెండూ పెరుగుతాయి. పగలు కూర్చున్నచోటే కునుకుతున్నా, పొద్దున తలనొప్పితో లేస్తున్నా స్లీప్ అప్నియా పరీక్ష చేయించాలి. ఆ సంగతి ముందుగా తెలిసేది పక్కన పడుకున్నవాళ్లకే. చెప్పాల్సింది కూడా మీరే.

చివరగా, షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడుతున్నవాళ్లకు ఒక హెచ్చరిక. ఈ మాటలు విని రేపటి నుంచే అన్నం సగానికి తగ్గించి, రాత్రి భోజనం మార్చి, మందు మాత్రం పాత మోతాదులోనే వేసుకుంటే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. ముందు మీ డాక్టరుతో మాట్లాడండి. మోతాదు ఎలా తగ్గించాలో ఆయన చెబుతారు. వెళ్లేటప్పుడు రిపోర్టులతోపాటు ఒక వారం రోజులు రాత్రి ఎన్నింటికి తిన్నారో, ఎన్నింటికి పడుకున్నారో, ఎన్నింటికి లేచారో ఒక కాగితం మీద రాసుకుని తీసుకువెళ్లండి. డాక్టరు అడక్కపోయినా ఆ కాగితం ఆయన ముందు పెట్టండి.